తొమ్మిదికి దిగువన

తెనాలి సరుకుల బజారులో బియ్యం బస్తాల ముందు నిలబడి ఒకావిడ వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క పెట్టుకుంటోంది. పప్పుల అర చాటు నుంచి డాక్టర్ పూర్ణిమ ఆవిడనే చూస్తోంది. పొంచి చూడటం పూర్ణిమకు అలవాటు లేదు గానీ, పదకొండేళ్ళ చాకిరీ ఎవరి వేళ్ళ మీదో ఆధారపడి ఉన్నప్పుడు మర్యాదలు పాటించడం కష్టం.

ప్రతి బస్తా మీదా ఒక చిన్న బోర్డు, బోర్డు మీద వెలుగుతూ ఒక అంకె. ఆ అంకెను అక్కడిదాకా తెచ్చింది పూర్ణిమే.

అదేమిటో చెప్పాలి. మన కంచంలోకి వచ్చే ప్రతి వస్తువూ వచ్చేలోగా గాలిని కొంత పాడుచేసే వస్తుంది. మోటారుకు కరెంటు, మిల్లుకు కరెంటు, లారీకి డీజిలు, ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించనిది మరొకటుంది. వరి చేలో నెలల తరబడి నీళ్ళు నిలబడితే కింద మట్టికి గాలాడదు. గాలాడని మట్టిలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. భూమిని వేడెక్కించడంలో లారీ పొగ దాని ముందు ఎందుకూ పనికిరాదు. వీటన్నిటినీ ఒకే లెక్కలోకి మార్చి, కిలో బియ్యానికి ఇన్ని గ్రాములని తేలిస్తే అదే ఆ బియ్యం కార్బన్ ఫుట్‌ప్రింట్. ఈ లెక్క పాతదే. పూర్ణిమ కనిపెట్టింది ఆ లెక్కను మోసుకు తిరిగే చింతగింజంత చిప్. దానికి జాడ అని పేరు పెట్టింది. పొలంలో పాతిన సెన్సర్ దగ్గర మొదలుపెట్టి, మిల్లులో, లారీలో, చివరికి బజారు లైట్ల కింద కూడా తన బస్తా కోసం ఎంత ఖర్చయిందో వింటూ, కూడుకుంటూ వస్తుంది. మొత్తాన్ని బోర్డు మీద వెలిగిస్తుంది. ఒకసారి కూడింది తీసివెయ్యడం దానికి రాదు, అబద్ధం చెప్పడం అంతకన్నా రాదు.

అంకె కనబడితే జనం తక్కువ ఉన్నదే కొంటారని, జనం కొన్నదే రైతులు పండిస్తారని పూర్ణిమ నమ్మకం. నమ్మని వాళ్ళు ఆమె పనిచేసే ప్రభుత్వ శాఖలోనే బోలెడుమంది. ఒక ఊరిచ్చి, రెండు పంటల గడువిచ్చారు. ఆలోగా ఆ ఊరు తినే బియ్యం మొత్తం మీద అంకె దిగకపోతే బోర్డులు పీకేసి వెనక్కి వచ్చెయ్యమన్నారు.

వేళ్ళు మడిచిన ఆవిడ ఎనిమిది వందల గ్రాముల అంకె వెలుగుతున్న బస్తా మీద చెయ్యి వేసింది. బజారు మొత్తానికి అదే తక్కువ. పూర్ణిమ గుండె గంతు వేసింది. ఆవిడ చెయ్యి తీసేసింది, ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది, పక్కనున్న పదకొండు వందల ముప్ఫై నాలుగు గ్రాముల బస్తాను బండిలో వేయించుకుంది.

పూర్ణిమ ఇక చాటున ఉండలేకపోయింది. ఎక్కువున్నది ఎందుకు తీసుకున్నారమ్మా అని వీలైనంత మెత్తగా అడిగింది.

"కూడి చూడండి," అంది ఆవిడ. "ఒకటీ ఒకటీ రెండు, మూడూ నాలుగూ ఏడు. మొత్తం తొమ్మిది."

"మరి అది?"

"అది ఎనిమిది, శనిది. తెలిసి తెలిసి ఇంట్లోకి తెచ్చుకుంటామా?"

బజారు మేనేజరు ఇమ్మానుయేలు ఆమెను పక్కకు తీసుకెళ్ళి, బోర్డులు పెట్టిన వారం నుంచీ ఇదే వరస అని చెప్పాడు. కూడితే తొమ్మిది వచ్చిన బస్తా గంటలో పోతోంది, ఎనిమిది వచ్చినదాన్ని ముట్టుకునే వాళ్ళు లేరు. బండి నంబర్ల వేలంలో తొమ్మిది కోసం కొట్టుకునే జనానికి ప్రతి బస్తా మీదా ఒక నంబరు రాసిపెడితే ఇంకేం చేస్తారని అడిగాడు. తను ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషేననీ, అయినా తన స్కూటర్ నంబరూ తొమ్మిదేననీ ఒప్పుకున్నాడు.

ఆ ఎనిమిది వందల బస్తాలు సామ్రాజ్యంవి. ఆమె కాలవ కింద రెండెకరాలు కౌలుకు చేస్తుంది. పూర్ణిమ ఊరూరా తిరిగి, చేలో నీళ్ళు నిలబెట్టకండి, తడిపి ఆరనివ్వండి, ఆరాక మళ్ళీ తడపండి, గాలి తగిలితే మీథేన్ పుట్టదు, దిగుబడి తగ్గదు అని చెప్తే అందరూ తలలూపారు. చేసింది సామ్రాజ్యం ఒక్కతే. కాలవ నిండా నీళ్ళుంచుకుని చేను ఎండగడుతున్న పిచ్చిదని ఊరంతా నవ్వింది. మీ బియ్యాన్ని జనం ఎగబడి కొంటారు, నాదీ పూచీ అని ఆ గట్టు మీద నిలబడి మాటిచ్చింది పూర్ణిమే.

సంగతి తెలిసి సామ్రాజ్యం బజారుకు వచ్చింది. కోపంగా రాలేదు. తన బస్తాలకేసి, పక్క బస్తాలకేసి కాసేపు చూసి, చెయ్యగలిగిన పని అడిగింది.

"డాక్టరమ్మా, ఒక్క గ్రాము ఎక్కువెయ్యి. ఎనిమిది వందలా ఒకటి అయితే తొమ్మిదొస్తది గందా. తగ్గించి చెప్తే మోసం గానీ, ఎక్కువ చెప్తే ఎవరికి నష్టం?"

బోర్డును తాకనని పూర్ణిమ అంది. తాకక్కర్లేదు, బస్తాల నెత్తిన రాత్రంతా ఒక బల్బు వేసి ఉంచితే కరెంటు లెక్కలో ఆ గ్రాము దానంతటదే వస్తుందని ఇమ్మానుయేలు సలహా ఇచ్చాడు. అబద్ధం కూడా కాదన్నాడు. పూర్ణిమకు ఒళ్ళు మండింది. అంకెను దించడానికి పుట్టిన యంత్రానికి అంకెను పెంచే ఉపాయమా?

"దించుతాను గానీ ఎక్కించను," అంది.

అనడమే కాదు, అక్కడే కూర్చుని లెక్క తీసింది. మిల్లులో ఇంకా సామ్రాజ్యం బస్తాలు ఉన్నాయి. అక్కణ్ణుంచి బజారుకు ట్రాలీ ఆటోలో తెస్తే డీజిలు వల్ల కిలోకు ఎనిమిది గ్రాములు పడుతోంది. ఆటో లేకుండా తెస్తే ఏడు వందల తొంభై రెండు. ఏడూ తొమ్మిదీ రెండూ పద్దెనిమిది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. ఈ రెండో కూడిక చేస్తున్నప్పుడు పూర్ణిమ చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుంది.

మూలపడ్డ తొక్కుడు రిక్షాలు నాలుగు వెతికి పట్టారు. కాలవ గట్టు వెంట ముందు రిక్షావాళ్ళు తొక్కుతుంటే వెనక నుంచి సామ్రాజ్యం, పూర్ణిమ తోశారు. వంతెన ఎక్కేటప్పుడు పూర్ణిమ చెప్పు తెగింది. విదిలించి అక్కడే పారేసి ఒంటికాలి చెప్పుతో తోసింది. ఎదురొచ్చిన వాళ్ళు ఇదేం పనమ్మా అని అడిగితే, ఎనిమిది గ్రాములు మిగులుస్తున్నాం అని చెప్పింది. బస్తాలు అరల్లోకి ఎక్కాయి, బోర్డులు వెలిగాయి, 792. మధ్యాహ్నం భోజనాల వేళకి రిక్షాల్లో తెచ్చినవాటిలో ఒక్క బస్తా మిగల్లేదు. సామ్రాజ్యం కళ్ళు తుడుచుకుంది. పూర్ణిమ మాత్రం ఇకనుంచి అంతా దిగడమే అనుకుని ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. కిటుకు తెలిశాక మిగతా వ్యాపారులు ఊరుకుంటారా? తొమ్మిదికి దిగాలంటే రిక్షా తొక్కాలి, చెమటోడ్చాలి. ఎక్కాలంటే స్విచ్చి వేస్తే చాలు. గోడౌన్లలో ఎవరూ లేని గదుల్లో ఫ్యాన్లు తిరిగాయి. లారీలు నిలబడ్డచోటే ఇంజన్లు ఆడాయి. కూరగాయల మీదా ఈ బోర్డులే కాబట్టి, టమాటాల వర్తకుడొకడు తన సరుకును తొమ్మిది వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో ఉంచి, తొమ్మిది వచ్చేసరికి మెత్తబడిపోయినవి అమ్మాడు. కొన్నవాళ్ళు సంతోషంగానే కొన్నారు. మొదటి పంట ముగిసేసరికి ఊరి బియ్యం మీద అంకె దిగకపోగా పైకి లేచింది.

పూర్ణిమ మునిసిపల్ హాలులో సభ పెట్టించింది. మీథేన్ గురించి, వేడెక్కుతున్న భూమి గురించి, పెరుగుతున్న తుఫాన్ల గురించి బొమ్మలు వేసి చెప్పింది. జనం శ్రద్ధగా విన్నారు. ప్రశ్నలు అడగమంటే ఒకాయన లేచి, మా అమ్మాయి పేరు చివర ఇంకో అక్షరం కలిపితే మీ లెక్క ప్రకారం కలిసొస్తుందా అని అడిగాడు. ఆయన వెనక ఇంకా చాలామంది చేతులెత్తి ఉన్నారు.

ఇంకెవరైనా అయితే పెట్టె సర్దుకునేవారు. పూర్ణిమది పట్టిన పట్టు విడిచే రకం కాదు. శాఖ నుంచి వచ్చిన ఎకసెక్కపు ఫోన్లన్నీ విని, తలుపేసుకుని తన యంత్రాన్నే నిలదీసింది. అప్పుడు దొరికింది, తప్పు జనంలో కాదు, తనలో ఉంది. ఆమె సెన్సర్లు యాభై గ్రాములు అటూ ఇటూగా చెప్పగలవే గానీ, ఒక్క గ్రాము తేడా పట్టగలిగేంత గొప్పవి కావు. ఆ సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. చూడటానికి ఘనంగా ఉంటుందని గ్రాముల దాకా చూపించింది. అంతే.

మర్నాటి నుంచి బోర్డులన్నీ వందల్లోకి మారాయి. వెయ్యీ నూరు, పదమూడు వందలు, పదిహేను వందలు. అంకె ఇప్పుడు మునుపటికన్నా నిజాయితీగా ఉంది. పైగా అందులో తొమ్మిదులు కరువైపోయాయి. పద్దెనిమిది వందలకు ఎక్కాలి, లేదా తొమ్మిది వందలకు దిగాలి. కిలోకు కనీసం మూడు వందల గ్రాములు ఎక్కించడం బల్బులతో, ఫ్యాన్లతో అయ్యే పని కాదు. ఆ డీజిలు ఖర్చుకు వ్యాపారి కొంప మునుగుతుంది. దిగడానికి మాత్రం ఒక్కటే దారి, చేను ఆరబెట్టడం.

నవ్విన ఊరు సామ్రాజ్యం గట్టు మీదికే వచ్చింది. ఆమె ఎవరినీ దెప్పలేదు. చేలో చిల్లుల గొట్టం ఎలా పాతాలో, అందులో నీళ్ళు జానెడు కిందికి దిగాక మళ్ళీ ఎప్పుడు పెట్టాలో పొలం పొలానికీ వెళ్ళి చూపించింది. రెండో పంట బజారుకు వచ్చేసరికి ఏ వరస చూసినా 900. ఊరి అంకె ఎవరూ ఊహించనంతగా పడిపోయింది. శాఖ పంపిన కమిటీ వచ్చింది, చూసింది, నోరెళ్ళబెట్టింది. రాష్ట్రమంతా జాడ బోర్డులు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. పూర్ణిమకు శాలువా కప్పి మాట్లాడిన పెద్దమనిషి తన ప్రసంగాన్ని తొమ్మిదో తారీఖుకు పెట్టించుకున్నాడని ఆమెకు తర్వాత తెలిసింది. తెలిసినా నవ్వేసి ఊరుకుంది. ఫలితం ముఖ్యం, కారణం ఏదైతేనేం?

కొత్త పంటకు నారు పోసే రోజుల్లో సామ్రాజ్యం పూర్ణిమ ఆఫీసుకు వచ్చింది. బల్ల మీద ఒక సంచి పెట్టింది, కొత్త బియ్యం. కూర్చోమంటే కూర్చుని మంచినీళ్ళు తాగింది. బియ్యం బాగా అమ్ముడయ్యాయా అని పూర్ణిమ ఉత్సాహంగా అడిగింది.

కోళ్ళ దాణాకు ఇచ్చేశానని సామ్రాజ్యం చెప్పింది.

పూర్ణిమకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. అందరికన్నా ముందు మొదలుపెట్టిన మనిషి, అందరికన్నా పని తెలిసిన మనిషి. మిగతావాళ్ళు తొమ్మిది వందల దగ్గర ఆగారు. ఈమెది ఇప్పుడూ ఎనిమిది వందలే. వందల్లోకి మార్చిన బోర్డు మీద దాన్ని రిక్షా తొక్కి దించడం కుదరదు. ఏడు వందలకు దిగితే ఏడు, ఆరు వందలకు దిగితే ఆరు. తొమ్మిదికి దిగువన తొమ్మిది లేదు. మళ్ళీ గ్రాములు చూపిస్తే గోడౌన్లలో ఫ్యాన్లు తిరుగుతాయి. వందల్లోకి మార్చే ఎత్తు వేసిన రోజున పూర్ణిమ ఊరంతటినీ తలుచుకుంది గానీ, ఈ ఒక్క మనిషిని తలుచుకోలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంకొక్క పంట ఆగండి, జనానికి నచ్చజెబుతాను, ఇంటింటికీ తిరుగుతాను అంది. సామ్రాజ్యం అడ్డం చెప్పలేదు. పూర్తిగా చెప్పనిచ్చి, అప్పుడు మెల్లిగా అంది.

"ఊళ్ళో అందరినీ కిందికి దించావు తల్లీ. నన్నొక్కదాన్నీ కాస్త పైకెక్కించు. చేలో ఎన్నాళ్ళు నీళ్ళు నిలబెడితే తొమ్మిది వందలకు వస్తదో చెప్పు. ఆ మీథేన్ లెక్క నీకేగా తెలిసేది. నాకు చేను ఉండాలిగా."

దించుతాను గానీ ఎక్కించను అన్న మాట పూర్ణిమకు గుర్తుంది. సామ్రాజ్యానికీ గుర్తుండే ఉంటుంది. ఆమె ఆ మాట ఎత్తలేదు, సంచి అంచులు సర్దుతూ కూర్చుంది. ఇప్పుడు కాదంటే, కౌలు డబ్బు రాక ఈ రెండెకరాలు వేరే కౌలుదారు చేతికి పోతాయి.

పూర్ణిమ కంప్యూటర్ ముందుకు జరిగింది. మట్టి రకం, కాలవ నీళ్ళ వేడి, నాట్ల తేదీ వేసింది. భూమి వేడెక్కకుండా ఆపడానికి పదకొండేళ్ళు కూడబెట్టిన చదువునంతా ఉపయోగించి, ఒక మంచి చేను ఎంత కచ్చితంగా పాడవ్వాలో లెక్క కట్టింది. జవాబు తెర మీదికి వచ్చింది, ఎనిమిది రోజులు.

సామ్రాజ్యం ఆమె ముఖంలోకే చూస్తోంది. పూర్ణిమ తెర మీది అంకెను చూసింది, బల్ల మీది బియ్యం సంచిని చూసింది. ఎనిమిది అని చెప్పడానికి నోరు రాలేదు.

"తొమ్మిది రోజులు పెట్టండి," అంది.

సామ్రాజ్యం ముఖం విప్పారింది. మంచి నంబరే చెప్పావమ్మా అని లేచి, కాలవ తూము తెరిచే వేళవుతోందని చెప్పి వెళ్ళిపోయింది.