బుట్ట అడుగున హెడ్‌ఫోన్

డిటెక్టివ్ కుర్చీ చూపించినా టూరిస్టు గైడు కూర్చోలేదు. చీర కుచ్చిళ్లకు ఇంకా బురద అంటుకునే ఉంది.

"నేనే ఆవిడ్ని చంపేశాను సార్," అంది ఏడుస్తూ.

ఎదుటివాళ్లు ఏడిస్తే అసిస్టెంటుకు కాళ్లూ చేతులూ ఆడవు. డిటెక్టివ్ మాత్రం మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, నింపాదిగా అన్నీ అడిగాడు. ఆ నిబ్బరమంటే అసిస్టెంటుకు ఎంత గురో!

జరిగింది ఇదీ. ఓడ దిగిన యాత్రికుల్ని ఆమె నిన్న బస్సులో పాత కోటకు తీసుకెళ్లింది. గైడు మాటలు వినపడటానికి అందరి మెడలోనూ చిన్న రిసీవరు ఉంటుంది. బస్సెక్కేటప్పుడు దాన్ని తలుపు దగ్గర బుట్టలో వేయాలి. వాన దంచేస్తుంటే ఆమె తలలు లెక్కపెట్టలేదు. రిసీవర్లు సరిపోయాయని బస్సు కదలమంది. రేవు చేరాక ఒకామె "మా అక్కేదీ?" అని గొల్లుమంది. వెనక్కి వెళ్లి వెతికేసరికి, కోట నేలమాళిగ మెట్ల కింద అక్క శవమై ఉంది.

"ఎక్కి, రిసీవరిచ్చి, మళ్లీ దిగిపోయుంటుందనీ, నేను చూసుకోలేదనీ అంటున్నారు సార్."

"బుట్టలో ఆవిడ రిసీవరు కూడా ఉందని ఎలా తెలుసు?"

"ఆవిడకి చెవులు సరిగా వినపడవని పెద్ద హెడ్‌ఫోన్ ఉన్నది ఇచ్చా. ఆవిడొక్కదానికే. బుట్ట ఖాళీ చేస్తుంటే అట్టడుగున దొరికింది."

డిటెక్టివ్ లేచి గొడుగు అందుకున్నాడు. "పదమ్మా, మీ ఆఫీసుకి."

ట్రావెల్స్ ఆఫీసులో మేనేజరునీ, డ్రైవరునీ, చెల్లెలినీ కూర్చోబెట్టాడు. చెల్లెలి ముఖం పీక్కుపోయి ఉంది.

"మీ అక్కగారు ఎక్కడ విడిపోయారు?"

"కోట గుమ్మం దగ్గరండి. నువ్వు పద, వస్తానంది. వెనక సీట్లో ఉందనుకున్నా."

"బస్సు మొదట ఎవరెక్కారు?"

"ఈవిడేనండి, ఒక్కతే," అన్నాడు డ్రైవరు చెల్లెలిని చూపిస్తూ. "మిగతావాళ్లు చాలా వెనకున్నారు. ఎక్కినవాళ్లెవరూ మళ్లీ దిగలేదు."

డిటెక్టివ్ చెల్లెలి వైపు తిరిగాడు. "అడుగున ఉన్నది అన్నిటికన్నా ముందు పడి ఉండాలి. ముందెక్కింది మీరు. అక్క మెడలోంచి తీసి, లెక్క సరిపోయేలా మీదాంతోపాటు వేశారు. అక్క లేదని ఓడ దగ్గర ఎలాగూ బయటపడుతుంది. అప్పటికి ఆలస్యమైపోవాలి, అంతేగా?"

"నేను తొయ్యలేదు. కాలు జారింది. పెళ్లి కూడా మానుకుని చాకిరీ చేశానండీ. కింద పడి కూడా, ఎక్కడ చచ్చావే అని నన్నే తిట్టింది."

"అంటే బతికే ఉంది."

"పిలుస్తూనే ఉంది."

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య! ఇక నీ లైసెన్సుకి ఢోకా లేదమ్మా."

గైడు ఆ మాట విననట్టే ఉంది. "తలలు లెక్కపెట్టుంటే వెనక్కి వెళ్లేవాళ్లం కదా సార్?"

డిటెక్టివ్ నిజమే చెబుతాడని అసిస్టెంటుకు తెలుసు. లేదని ఒక్క అబద్ధం ఆడితే ఏం పోతుంది అనుకున్నాడు. మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది.

"వెళ్లేవాళ్లే అమ్మా," అన్నాడు డిటెక్టివ్.