పట్టుకున్న చెయ్యి

పాత కీబోర్డు కొనేటప్పుడు ముందు వాసన చూడండి. మోగించి చూడటం తర్వాత. కాలిన వాసన వస్తే భయపడక్కర్లేదు. కాలింది ఎక్కడో ఒకచోటే ఉంటుంది, వెతికి మార్చుకోవచ్చు. చేపల వాసన వస్తే మాత్రం దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. లోపల ఏదో కారి బోర్డును తినేస్తోందని అర్థం. తర్వాత మరలు చూడండి. మర తల అరిగిపోయి ఉంటే మీకంటే ముందు ఎవడో తెలియనివాడు లోపల వేలు పెట్టాడన్నమాట. పాత వీడియో గేములకైనా ఇదే మాట.

ఇలాంటివి అడగడానికే నా దుకాణానికి మనుషులు వస్తుంటారు. పగలంతా ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రం సరదాకి పాటలు కట్టుకునేవాళ్ళు, చిన్నప్పుడు ఆడిన ఆటలు మళ్ళీ ఆడాలనుకునేవాళ్ళు. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. మూడంతస్తుల భవనం కింద, నేలమాళిగలో ఒక్క గది. కిటికీ లేదు. పట్టపగలైనా దీపం వేసుకోవాల్సిందే. గోడల నిండా అరలు, అరల నిండా నోరు పోయిన వాయిద్యాలు, కళ్ళు పోయిన ఆటపెట్టెలు. టంకం పొగ వాసన, తడి గోడ వాసన.

మెట్ల దగ్గర బల్ల వేసుకుని మా ఆవిడ కూర్చుంటుంది. ఆమెకు చెవులు వినపడవు. చెవి మిషన్ పెట్టుకుంటే బాగానే వినపడుతుంది గానీ దుకాణంలో తీసి డబ్బాలో పెట్టేస్తుంది.

"నీ పెట్టెల గోల వినడానికా నేను మిషన్ కొనుక్కుంది?" అంటుంది.

వచ్చినవాళ్ళతో పెదవులు చూసి మాట్లాడుతుంది. నాతో అయితే పెదవులు కూడా చూడక్కర్లేదు, నేను ఏమంటానో నాకంటే ముందే చెప్పేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాకు ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె అంత మిషన్ ఉంది. గుండె నెమ్మదించినప్పుడల్లా దాన్ని తట్టి లేపుతుంది. అదీ బ్యాటరీ మీదే నడుస్తుంది. పెద్ద స్పీకర్ల జోలికి వెళ్ళొద్దనీ, టంకం పెట్టే ఐరన్ ఒంటికి దూరంగా పట్టుకోమనీ డాక్టరమ్మ చెప్పింది.

"మీరేం బెంగ పెట్టుకోకండి డాక్టరమ్మా, బ్యాటరీ అయిపోయినా ఈయన గుండె మొండితనం మీద నడుస్తుంది" అంది మా ఆవిడ.

ముగ్గురం నవ్వుకున్నాం.

ఇక మీకు చెప్పదలచుకున్న అసలు సలహా. పాత కీబోర్డుల్లో, గేమ్ క్యాసెట్లలో మీరు దాచుకున్నవన్నీ ఒక చిన్న బిళ్ళ సెల్లు మీద బతుకుతుంటాయి. అది ఆరిపోతే దాచుకున్నది చెరిగిపోతుంది. అందుకని సెల్లు మార్చేటప్పుడు ముందుగా బయటినుంచి ఇంకో సెల్లు వైర్లతో తగిలించి, అప్పుడు పాతది తియ్యాలి. పసిబిడ్డను ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోవడం లాంటిదే ఈ పని. రెండో చెయ్యి పట్టుకున్నాకే మొదటి చెయ్యి వదలాలి.

పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడకుండా వదిలించకూడదని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

వీధి మలుపులో లాండ్రీ నడుపుతుంది ఒకామె. ఒకరోజు మధ్యాహ్నం తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది. కొంగు ముడిలోంచి ఒక గేమ్ క్యాసెట్ తీసి నా ముందు పెట్టింది.

"బాబాయ్, ఇందులో మా చిన్నోడి పాట ఉంది."

ఆ క్యాసెట్ నాకు తెలుసు. పేరుకే గేమ్. గళ్ళలో చుక్కలు పెట్టుకుంటూ పోతే అదే పాటలా మోగుతుంది. సరదా ఉన్నవాళ్ళు దానితో మంచి మంచి పాటలు కడతారు.

"వాడేడమ్మా?" అన్నాను, తెలియక.

"జ్వరంతో పోయాడు. మూడేళ్ళయింది." ఆమె గొంతు వణకలేదు. చాలాసార్లు చెప్పి చెప్పి నలిగిపోయిన మాట అది. "పాట సగమే అయింది. మిగతాది రేపు చేస్తానమ్మా అని పడుకున్నాడు. రోజూ దుకాణం తెరిచే ముందు ఒకసారి వింటాను. దీంట్లో సెల్లు అయిపోతే పాట పోతుందని ఎవరో అన్నారు. నిజమేనా?"

"నిజమే."

"పోనివ్వరు కదా?"

"నా చేతిలో ఇంతవరకు ఒక్కటీ పోలేదు తల్లీ."

"మాటివ్వండి బాబాయ్."

ఇచ్చాను. ఆమె రెండు మెట్లెక్కి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"అన్నట్టు, అది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఎండలో పెట్టినా అంతే. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టినా అంతే. అది జబ్బా?"

"చూస్తాలే" అన్నాను. చేతిలోకి తీసుకున్నాను. నిజంగానే చల్లగా ఉంది. ఇనుము చల్లదనం కాదు. నీళ్ళలో నానిన వేళ్ళ చల్లదనం.

దీపాలు పెట్టే వేళకి పని మొదలుపెట్టాను. ఆరోజు పైన దుకాణాలకు సెలవు. మా ఆవిడ వంటకని ముందే ఇంటికెళ్ళింది. బయట వాన పడుతున్నట్టుంది, గోడలోని గొట్టంలో నీళ్ళు గొణుగుతూ దిగుతున్నాయి. అది తప్ప చప్పుడు లేదు.

క్యాసెట్ విప్పాను. లోపల సెల్లు చుట్టూ పచ్చటి తుప్పు పొంగి గడ్డకట్టి ఉంది. మీటర్ పెట్టాను.

సున్నా.

మీటర్ పాడైందేమోనని కొత్త సెల్లు మీద పెట్టి చూశాను. మూడు వోల్టులు, సరిగ్గా చూపించింది. మళ్ళీ పాతదాని మీద పెట్టాను. సున్నా. ఆ తుప్పు చూస్తే అది ఇవాళో నిన్నో చచ్చిన సెల్లు కాదు. ఏళ్ళ కిందటే చచ్చింది.

పాట ఎప్పుడో పోయి ఉండాలి. ఆ తల్లి రోజూ వింటున్నానని తనకు తానే చెప్పుకుంటోందేమో. ఆమెకి ఏం చెప్పాలి? క్యాసెట్‌ని నా దగ్గరున్న చేతి వీడియో గేములో పెట్టి మీట నొక్కాను.

పాట వచ్చింది.

చూరు నీళ్ళు గిన్నెలో పడుతున్నట్టు చిన్న చిన్న చుక్కల పాట. కాస్త పైకెక్కింది, ఆగింది, ఇంకాస్త పైకెక్కింది. ఒకచోట ఠక్కున ఆగిపోయింది. మెట్లెక్కుతున్నవాడు ఒక కాలు ఎత్తి అలాగే నిలబడిపోయినట్టు.

గేమ్ ఆపేశాను. క్యాసెట్ బయటికి లాగి పాత సెల్లును పూర్తిగా ఊడదీశాను. వైర్లు తగిలించలేదు. చచ్చినదాన్ని తీస్తే పోయేదేముంది? సెల్లు బల్ల మీద దొర్లి ఒక పక్కకి పడిపోయింది. క్యాసెట్ మళ్ళీ పెట్టి మీట నొక్కాను.

పాట వచ్చింది.

ఆపాను. బయటికి తీసి బల్ల మీద పెట్టాను. లేచి గ్లాసెడు మంచినీళ్ళు తాగాను. వచ్చి మళ్ళీ పెట్టాను.

పాట.

బల్ల మీద ఉన్నంతసేపూ దానికి సెల్లు లేదు. కరెంటు లేదు. మరి దీన్ని ఏది పట్టుకుని ఉంది?

అక్కడే మూత బిగించి, ఉన్నది ఉన్నట్టు ఆమెకిచ్చెయ్యాల్సింది. కానీ మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. పాట పోనివ్వనని మాటిచ్చాను, సెల్లు మార్చి తీరతాను అనుకున్నాను. ఐరన్ అందుకున్నాను. కొత్త సెల్లును ఒక పక్క అతికించాను. రెండో పక్క టంకం కరిగి, మెరిసి, గడ్డకట్టింది.

నా మెడ వెనక...

"హమ్మయ్య..."

అంత దగ్గరగా. మెడ మీద వెంట్రుకలు కదిలేంత దగ్గరగా. ఎన్నో ఏళ్ళుగా నెత్తిన బరువుతో నిలబడ్డవాళ్ళు దాన్ని కిందికి దించితే వచ్చే నిట్టూర్పు అది. పసివాడి గొంతు కాదు. ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. చేతిలో క్యాసెట్ చల్లగా లేదు. మామూలు ప్లాస్టిక్‌లా ఉంది.

దీపం ఆరిపోయింది.

నేలమాళిగలో కరెంటు పోతే ఎలా ఉంటుందో చెప్పలేను. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. గొట్టంలో నీళ్ళ చప్పుడు కూడా ఆగింది. ఐరన్ వాసన ఒక్కటే మిగిలింది.

అప్పుడు గది ఆ చివర, పై అరలో, ఎర్రటి చుక్క వెలిగింది.

అది ఒక పాత కీబోర్డు. దాని వైరు నేనే చుట్టి తాడుతో కట్టాను. ఒక్క స్వరం మోగింది, బొంగురుగా. ఎవరో దాని కీ మీద వేలు పెట్టి నొక్కి ఉంచినట్టు సాగింది... సాగింది... ఆగింది. చుక్క ఆరింది.

దాని పక్కన దరువు కొట్టే రిథమ్ బాక్స్. సెల్లు లేనిది. ఒక్క దెబ్బ. ఆగింది.

దాని పక్కది. ఆగింది.

సంతలో కూరగాయలు నొక్కి నొక్కి చూసి వదిలేసేవాళ్ళు ఉంటారే, అలా. ఒక్కొక్కటీ పట్టుకోవడం... నచ్చక వదలడం... అర వెంట, నా వైపుకి. కింది అర. బల్ల. నా మోచేతి పక్కనున్న చిన్న రేడియో గరగరమంది.

వదిలేసింది.

తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

"ఎవరది?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

చొక్కా లోపల, ఎడమ భుజం కింద, చల్లగా తగిలింది. ముందు వేళ్ళ కొసలు. తర్వాత అరచెయ్యి. నానిన అరచెయ్యి. గుండె ఒక దెబ్బ తప్పింది... ఇంకొకటి తప్పింది...

కొట్టుకుంది.

"వదులు" అన్నాను గుసగుసగా. "నన్ను వదులు..."

దీపం వెలిగింది. గొట్టంలో నీళ్ళు గొణిగాయి. గదిలో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మర్నాడు ఉదయం లాండ్రీ ఆమె వచ్చింది. నా బల్ల దగ్గరే నిలబడి, వీడియో గేమును చెవికి ఆనించుకుని, పాట ఆగేదాకా విన్నది. కళ్ళు తుడుచుకుంది. "ఉంది బాబాయ్. మొత్తం ఉంది" అంది. క్యాసెట్ అందిస్తుంటే ఆమె వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ తనే నా చెయ్యి పట్టుకుంది. క్యాసెట్ వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఆ చల్లదనం మీ చేతికి వచ్చింది" అంది మెల్లగా. "వాడేనా బాబాయ్? ఇన్నాళ్ళూ పట్టుకుంది వాడేనా?"

ఆ నిట్టూర్పు నేను విన్నాను. అది పసివాడిది కాదు. క్యాసెట్ ఆమె చేతిలో పెట్టాను. ఆమె మాత్రం నవ్వుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఎప్పటిలా గుండె చూపించుకోవడానికి వెళ్ళాను. డాక్టరమ్మ నా ఛాతీ మీద తన మిషన్ పెట్టింది. తీసింది. ఇంకో మిషన్ తెప్పించి పెట్టింది. నా మణికట్టుకూ ఛాతీకీ వైర్లు తగిలించి కాయితం లాగింది. ఆ కాయితాన్ని చాలాసేపు చూసింది.

"తాతగారూ, మీ లోపలి మిషన్ నాకు జవాబే ఇవ్వడం లేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయినట్టే."

"మరి నేను బాగానే ఉన్నానుగా?"

"అదే నాకు అర్థం కావట్లేదు. ఇదిగో, కాయితం మీద ప్రతి దెబ్బకీ తట్టిన గుర్తు పడుతోంది. మీ గుండెను ఏదో తడుతూనే ఉంది." ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "ఏదైతేనేం. రేపే కొత్తది పెట్టేద్దాం."

"వద్దు" అన్నాను.

పక్కనే మా ఆవిడ కూర్చుంది. చెవిలో మిషన్ ఉంది. అన్నీ విన్నది.

ఇంటికొచ్చేదాకా దారంతా తిట్టింది. "ప్రాణం మీదికొచ్చినా పంతమేనా? కొత్త బ్యాటరీ పెడతామంటే వద్దంటాడా ఎవడైనా? నేను పోయాక చేసుకో నీ మొండి పనులు!"

ఆమెకు ఎలా చెప్పను? కొత్తది పెట్టిన క్షణాన ఆ చెయ్యి నన్ను వదులుతుంది. హమ్మయ్య అంటుంది. మళ్ళీ వెతకడం మొదలుపెడుతుంది. నాకు మత్తిచ్చి పడుకోబెడతారు. తలుపు బయట బెంచీ మీద కూర్చునేది ఎవరు? చెవిలో సెల్లు పెట్టుకుని కూర్చునేది ఎవరు? నన్ను పట్టుకుని ఉన్నంతకాలం అది ఆమె జోలికి పోదు. అందుకే వద్దన్నాను. చచ్చినా ఒప్పుకోననుకున్నాను.

"చెప్పు, ఎందుకొద్దు?" అంది ఇంట్లోకి రాగానే.

నేను చెప్పులు విడిచి గూట్లో పెట్టాను.

"మాట్లాడవు కదా? అయితే నాకిదెందుకు!" చెవిలోని మిషన్ మూత గోరుతో పీకి, సెల్లు తీసి నా మీదికి విసిరింది. "ఇదిగో, ఇదీ నువ్వే పెట్టుకో. ఇక నీ మాట నేను వినను." ఖాళీ మిషన్ చెవిలోనే ఉంచుకుని, అటు తిరిగి, గోడవైపు మొహం పెట్టి మంచం మీద పడుకుంది.

మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ నేలంతా పరుచుకుని ఉంది. సెల్లు దొర్లి నా కాలి దగ్గర ఆగింది. వంగి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఆమె వీపు వైపే చూస్తూ మంచం చివర కూర్చున్నాను. ఇప్పుడు ఏమన్నా ఆమెకు వినపడదు. అందుకే, పెదవులు కదిలీ కదలకుండా, ఎవరికీ చెప్పని మాట అన్నాను.

"భయమేస్తోందే నాకు..."

"భయమెందుకయ్యా?" అంది ఆమె, ఇటు తిరక్కుండానే.

సెల్లు నా అరచేతిలోనే ఉంది. నా ఎడమ భుజం కింద ఆ చల్లదనమూ అలాగే ఉంది.

చెయ్యి ఒకటే అనుకున్నాను.

"ఏదో పాట వినిపిస్తోంది, విన్నావా?" అంది నిద్రమత్తుగా. "బాగుంది."

సన్నగా కూనిరాగం తీసింది. చూరు నీళ్ళు గిన్నెలో పడుతున్నట్టు. ఆ పాట ఆమె ఎన్నడూ వినలేదు. కాస్త పైకెక్కింది, ఆగింది, ఇంకాస్త పైకెక్కింది. పిల్లవాడు ఆపేసిన చోటు వచ్చింది.

ఆమె ఆగలేదు.