గొరిగిన కొండ మూలుగు

పొద్దు గూకితే బోడికొండ అడ్డదారి ఎవరూ తొక్కరు. తొక్కినవాళ్ళు బాగుపడలేదనే అంటారు. ఒకాయనకి నెల్లాళ్ళు మాట పడిపోయిందట. ఇంకొకావిడ చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఆ చెప్పుల కోసం పగలు కూడా మళ్ళీ వెళ్ళలేదట. వాన రాత్రుళ్ళు అక్కడొక ముసలమ్మ మూలుగుతుంది... ఒళ్ళు నొప్పులతో మంచం మీద దొర్లుతున్నట్టు. అందుకే మూలుగుల ముసలమ్మ అని పేరు పెట్టారు. కొండని బోడి చేసినవాళ్ళకి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. అదీ మన సంగతి!

ఆ కొండ పుట్టు బోడి కాదు. పన్నెండేళ్ళ కిందట తలెత్తితే ఆకాశం కనపడని అడవి. దాన్ని గొరిగినవాళ్ళలో మొదటివాడు ఈ కథలో మనిషే. చేతిలో ఎప్పుడూ రంపమే కాబట్టి అందరూ రంపం అనే పిలుస్తారు. కోపమొస్తే పెళ్ళాం కూడా.

వాళ్ళ నాన్నదీ అదే పని. కానీ తీరు వేరు. ముసలాయన ఒక చెట్టు కొట్టాలంటే, ముందు చుట్టుపక్కల చెట్లకి పాత గుడ్డపేలికలు కట్టేవాడు — వీటిని ముట్టుకోవద్దని గుర్తు. కొట్టిన మాను పేలికున్న చెట్టు మీదికి ఒరిగిందో, ఆ పూట ఆయనకి ముద్ద దిగేది కాదు. వాగుకి అవతలి కొండ ఆయన చేతి కింద నలభై ఏళ్ళు కలప ఇచ్చింది. ఇప్పటికీ అడవిలాగే ఉంది.

ఇవతలి ఈ కొండ వంతు వచ్చేసరికి కలప కంట్రాక్టరు నవ్వాడు. "ఒక్కో వెంట్రుకా పీకుతూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుందయ్యా? ఒక్క వేసవిలో గొరిగేద్దాం!"

గొరిగేశారు. పేలికలూ లేవు, పాడూ లేదు. తరవాత ఒకే రకం మొక్కలు బారులు తీర్చి నాటారు. సగం చచ్చాయి. మిగతా సగం బతికినట్టు నటిస్తున్నాయి.

ఆ రాత్రి... వాన పట్టి మూడో రోజు. రంపం రెండో షిఫ్టు దిగి కోతమిల్లు బయటికొచ్చేసరికి రోడ్డు మీద మోకాల్లోతు నీళ్ళు. బోడికొండ కింద మిల్లువాళ్ళ పన్నెండిళ్ళ వరస. అందులోనే అతని ఇల్లు. ఇంట్లో భార్య, నెలలు నిండిన కూతురు. ఇవాళో రేపో అన్నట్టుంది ఆ పిల్ల. ఆగడానికి మనసొప్పలేదు. ఏమైతే అదవుతుందని అడ్డదారి పట్టాడు.

ఎక్కుతుంటేనే కంపు. పన్నెండేళ్ళుగా కుళ్ళుతున్న మొద్దుల కంపు. టార్చి వేస్తే ప్రతి మొద్దు మీదా చీము పట్టిన పుండులా తెల్లటి బూజు... థూ! అని ఉమ్మాడు. కాలు జారి ఒక మొద్దుని పట్టుకున్నాడు. అది నానిన రొట్టెముక్కలా ఊడి చేతిలోకొచ్చేసింది. వేళ్ళ సందుల్లోంచి నల్లటి రసం కారింది. ప్యాంటుకి ఎంత తుడిచినా ఆ జిగట వదల్లేదు.

అప్పుడు వినిపించింది.

ఊఁ...

ఆగాడు. గాలేమో... అనుకున్నాడు.

ఊఁ... ఊఁ...

కాళ్ళ కిందే! "తల్లీ... నీకు దణ్ణం పెడతా... ఇంటి దగ్గర నా కూతురుంది... నన్ను పోనీ..." గొణుగుతూ టార్చి కిందికి తిప్పాడు.

ముసలమ్మ లేదు... నేల చీలి ఉంది.

జానెడు వెడల్పున, కొండకి అడ్డంగా, వెలుతురు అందినంత దూరం చీలిక. అందులోకి వాననీళ్ళు గుటగుటమని దిగుతున్నాయి. లోపలెక్కడో ఒక వేరు సాగి... సాగి... మూలిగి — ఠప్పున తెగింది. చీలిక ఇంకో రెండు వేళ్ళ వెడల్పు తెరుచుకుంది.

అతను కోసిన చెట్ల వేళ్ళే అవి. మాను పోయినా ఇన్నేళ్ళూ మట్టిని పట్టుకునే ఉన్నాయి. ఇప్పుడు కుళ్ళి, ఒక్కొక్కటే వదిలేస్తున్నాయి. 'దెయ్యమైతే ఎంత బాగుండేదిరా దేవుడా' అనుకున్నాడు రంపం. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యమేసింది. కిందటేడు కొండమట్టి దిగి బావినీళ్ళు ఎర్రబడ్డప్పుడు అటవీ ఆఫీసుకెళ్ళి మొత్తుకున్నాడు. "మొక్కలు నాటాంగా, రికార్డులో అది అడవే" అన్నాడు గుమాస్తా, తల కూడా ఎత్తకుండా. ఛీ!

ఎలా దిగాడో తెలీదు. ముందు భార్యనీ కూతుర్నీ లేపాడు. తరవాత పక్కింటి మేస్త్రి తలుపు బాదాడు. వరసలో అందరికీ ఆయన మాటే మాట.

"బాబాయ్! కొండ చీలింది. అందర్నీ లేపు!"

"నీ మొహం! ఈ వానలో ముసలీ ముతకా ఎక్కడికెళ్తారు? పొద్దున చూద్దాంలే, పోయి పడుకో."

తలుపు మూసుకోబోతోంది. రంపం కాలు అడ్డం పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"బాబాయ్... ముసలమ్మ దిగొస్తోంది... కళ్ళారా చూశా... నా వెనకే ఉంది..."

అంతే! కొండ కూలుతుందంటే దుప్పటి ముసుగేసుకునే జనం, దెయ్యమనేసరికి చంటిపిల్లల్ని చంకనేసుకుని, ముసలాళ్ళని వీపునేసుకుని పరుగో పరుగు. పది నిమిషాల్లో వరసంతా ఖాళీ. వాగు మీది వంతెన దాటి, అవతలి కొండ మీద ఒక పెద్దమాను కింద దూరి ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

వెనక ఒక్కసారిగా భూమి అరిచింది. మళ్ళీ వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పన్నెండిళ్ళూ లేవు. తలలు లెక్కపెట్టుకుంటే ఒక్కటీ తగ్గలేదు. రంపం అక్కడే కూలబడి ఏడ్చాడు.

తెల్లారాక కంట్రాక్టరు జీపు దిగాడు. మేస్త్రి ఎదురెళ్ళాడు.

"అయ్యా, ముసలమ్మ మా వెనకే వాగు దాటిందండీ. ఈ చెట్లలోనే దాక్కుంది. రాత్రంతా పైన గలగలమంటూనే ఉంది."

కంట్రాక్టరు తలెత్తి మానుల్ని చూశాడు. కింది నుంచి పైదాకా తీరిగ్గా చూశాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు!

"అయ్యో పాపం... అయితే దానికి నిలవ నీడ లేకుండా చేసేద్దాం. మీ క్షేమం కన్నా నాకేం కావాలి? ఏం రంపం, చూసింది నువ్వే కదా?"

రంపం ఒక్కసారిగా లేచాడు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు! మీరు లేవరని అబద్ధమాడాను! ఆ కొండని పడేసింది మన రంపాలు, నా రంపం! ఇదీ గొరిగితే ఇదీ పడుతుంది!" గొంతు చించుకున్నాడు.

మేస్త్రి జాలిగా చూశాడు. "పట్టేసిందిరా వీణ్ణి... దాని గూడు కాపాడుకోడానికి వీడి నోటితో మాట్లాడుతోంది."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. భార్య కూడా చెయ్యి వదిలేసి, "ఏమండీ... మీరేనా?" అంది సన్నగా.

మధ్యాహ్నానికి రంపాలొచ్చాయి. కోతవాళ్ళు ముందు ఆ పెద్దమాను దగ్గరికే వెళ్ళారు. దాని మొదట్లో అతని కూతురు కడుపు పట్టుకుని ఆనుకుని కూర్చుని ఉంది.

"లే తల్లీ," అన్నాడు మేస్త్రి, "అడ్డంగా ఉన్నావు."