పక్క సీటు బరువు

కారు స్ప్రింగులు రెండు చుట్లు కోసెయ్యమని అడిగినందుకు వర్క్‌షాప్‌లో ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కళ్ళజోళ్ళ షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. రోజుకి నలభై జతల కళ్ళు చూస్తాను. వీడికి బుర్ర లేదని అంత స్పష్టంగా చెప్పిన కళ్ళు మాత్రం అవే.

"ప్యాంటు పొడుగైందని కాళ్ళు కోయించుకుంటారా?" అంది, చేతిలో స్పానర్ తుడుచుకుంటూ.

నా తెల్ల కారుని కిందికి దించాలని ఎన్నాళ్ళుగానో కోరిక. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చిటికెన వేలు కూడా దూరకూడదు. ఆ మాటే చెప్పాను. మీరు రోజూ తిరిగే దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎన్ని అని అడిగింది. మూడు అన్నాను. అయితే పోతూ మూడుసార్లు, వస్తూ మూడుసార్లు మీ కారు కడుపు గీరుకుంటుంది, ఆ సంగీతం మీకు ఇష్టమైతే సరే అంది.

ఆ వర్క్‌షాప్ వాళ్ళ నాన్నది. స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ తప్ప ఇంకో పని ముట్టరు. ఆయన్ని అందరూ పెద్ద మేస్త్రి అంటారు, ఈమెని చిన్న మేస్త్రి. ఏ కారుకి ఏ స్ప్రింగు, ఏ షాక్ అన్నది ముప్ఫై ఏళ్ళుగా పెద్ద మేస్త్రి ఒక్కరే తేలుస్తున్నారు. పని వివరాలు రాసే షీటు చివర 'ఎంపిక చేసినవారు' అన్న చోట ఆయన సంతకమే. ఆ రోజు మాత్రం పెన్ను కూతురి చేతిలో పెట్టారు.

"ఈ బండి నీది. వెయ్యి కిలోమీటర్లలోపు కంప్లయింట్‌తో వెనక్కి వచ్చిందా, పెన్ను మళ్ళీ నా జేబులోకి వస్తుంది. రాకపోతే బోర్డు మీద నీ పేరు రాయిస్తా."

నా సరదా కారు మీద ఆమె ఇన్నేళ్ళ కష్టం ఆధారపడి ఉందని అప్పుడు తెలిసింది. వెంటనే బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకున్నాను.

ఆమె ఓపిగ్గా చెప్పింది. స్ప్రింగు బరువు మోస్తుంది, షాక్ ఆ స్ప్రింగుని ఊగకుండా ఆపుతుంది. పొట్టి స్ప్రింగు వేసి పాత షాక్ వదిలేస్తే, దానికి కదలడానికి చోటుండదు, గుంతలో పడ్డప్పుడల్లా అడుగు తగిలి దబ్బుమంటుంది. రెండూ ఒకదానికొకటి కుదరాలి. మొండిదాని పక్కన మెతకదాన్ని కట్టబెడితే రోజూ గొడవే.

"అనుభవంలా ఉందే," అన్నాను.

"కార్ల అనుభవం," అంది. నవ్వు మాత్రం దాచుకోలేదు.

అరవై మిల్లీమీటర్లు దించాలని నేను, ముప్ఫై చాలని ఆమె. ముప్ఫైకే ఒప్పుకున్నాను. ఆమె ఇరవై అన్నా ఒప్పుకునేవాణ్ణి. ఫారం నింపుతూ కారులో ఎంతమంది తిరుగుతారని అడిగితే ఒక్కణ్ణే అన్నాను. ఇంకెవరూ లేరా అని రెండోసారి అడిగింది. అది కూడా ఫారంలో ఉందా అన్నాను. లేదు అని తల వంచుకుని ఏదో కొట్టేసింది.

తర్వాత బరువు చూడాలి. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెడతారు. డ్రైవరు తన సీటులో కూర్చుంటాడు, చూసేవాళ్ళు బయట నిలబడి అంకెలు రాసుకుంటారు. సరిగ్గా అప్పుడే వాన దంచికొట్టింది. రేకుల షెడ్డు సందుల్లోంచి నీళ్ళు ఆమె షీటు మీదే పడ్డాయి. నేను పక్క సీటు తలుపు తెరిచాను. ఆమె ఒక్క క్షణం ఆగి లోపలికి వచ్చింది. కాటా తెర ఒళ్ళో పెట్టుకుని అంకెలు చదివి రాసుకుంది.

రాయడం ఐదు నిమిషాల్లో అయిపోయింది. వాన ముప్పావుగంట కురిసింది. చిన్నప్పుడు నాన్న పనిచేస్తుంటే శబ్దం విని ఏ షాక్ పోయిందో చెప్పేదాన్నని చెప్పింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి చెట్టు ఆకులు విడివిడిగా చూసిన ముసలాయన గురించి నేను చెప్పాను. ఆమె తన జుట్టులోంచి నీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి వింది. ఆ ముప్పావుగంటలో నా పని అయిపోయింది.

వారం తర్వాత కొత్త స్ప్రింగులు, వాటికి జోడైన పొట్టి షాక్‌లు బిగించింది. ఎత్తు సరిచేసే నట్లు ఆ షీటు ప్రకారమే తిప్పింది. ఆ వర్క్‌షాప్‌లో ఒక పద్ధతి ఉంది. ఎంపిక చేసినవారే మొదటి ట్రిప్పులో పక్క సీటులో కూర్చోవాలి, చేతిలో నిండు గ్లాసు నీళ్ళతో. నేను వెనక వీధి గుంతల మీదుగా, మూడు స్పీడ్ బ్రేకర్ల మీదుగా నడిపాను. ఆమె ఊపిరి బిగబట్టి గ్లాసుకేసే చూసింది. తిరిగి వచ్చాక పెద్ద మేస్త్రి గ్లాసు కింద వేలు పెట్టి చూశారు. పొడిగా ఉంది. ఆయన ఆ నీళ్ళు గటగటా తాగేసి, షీటు కూతురి ముందుకి తోశారు. ఆమె సంతకం చేస్తుంటే నాకే గర్వంగా అనిపించింది.

మర్నాడు మా కళ్ళజోళ్ళ షాపు ముందు కారు ఆపి దిగబోతూ షాపు అద్దంలో కారుని చూశాను. కళ్ళజోడు ఒక మిల్లీమీటరు వంకరున్నా పట్టుకునే కన్ను నాది. నేను లోపల ఉండగా పక్క సీటు వైపు వేలు మందం పైకి లేచి ఉంది. షాపులో పనిచేసే మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టాను. కారు సమంగా నిలబడింది. దింపాను. మళ్ళీ లేచింది.

అప్పుడు వాన గుర్తొచ్చింది. కాటాల మీద ఆమె బరువు కూడా తూగింది. ఇద్దరం మాటల్లో పడి ఆ సంగతే మర్చిపోయాం.

చెబితే పదిహేను నిమిషాల పని, నట్టు తిప్పితే సరి. కానీ చెబితే పెన్ను పోతుంది. నోరు మూసుకుని, రెండు ఇసుక మూటలు తెచ్చి పక్క సీటులో పెట్టాను. బెల్టు పెట్టకపోతే కారు కుయ్యోమంటుంటే బెల్టు పెట్టాను. జనం నవ్వుతారని నా నీలం జాకెట్టు కప్పాను, పైన టోపీ కూడా పెట్టాను. అలా ఇసుకతో కలిసి రోజూ షాపుకి, ఇంటికి తిరిగాను.

వెయ్యి కిలోమీటర్లు అయ్యాయి. చెకప్‌కి వెళ్ళాలి. మూటలు తీస్తే వంకర కనబడుతుంది, ఉంచితే మూటలు కనబడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉంచుకునే వెళ్ళి, గేటు బయటే ఆపి దిగాను.

చిన్న మేస్త్రి ముఖం మాడ్చుకుని ఎదురొచ్చింది. కారు ఎలా ఉందని అడగలేదు.

"ఒక్కణ్ణే అన్నారుగా. మొన్న సిగ్నల్ దగ్గర మీ వెనకే ఉన్నాను. నీలం జాకెట్టు, టోపీ. ఎవరైతే నాకేం గానీ, ఫారంలో నిజం చెప్పాల్సింది."

నేను ఏదో గొణిగేలోపే, లోపల ఉన్న మనిషి సంగతేంటో చూద్దామన్నట్టు వెళ్ళి తలుపు తీసింది. టోపీ కింద పడింది. జాకెట్టు జారింది. బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న ఇసుక మూటల్ని ఆమె వేలితో పొడిచి చూసింది.

"ఎంత బరువు?" అంది.

"యాభై ఎనిమిది కిలోలు. అటూ ఇటూ చేసి చూశాను, అక్కడ సమంగా నిలబడింది."

అది సరిగ్గా తన బరువేనని తెలిసి ఆమె ముఖం ఎర్రబడింది. షీటు తెచ్చి అంకెలు ఒకసారి చూసుకుంది. నేను వద్దని చేత్తో సైగ చేస్తున్నా వినకుండా, తిన్నగా నాన్న దగ్గరికి నడిచింది.

"నాన్నా, కంప్లయింట్ ఉంది. బరువు చూసేటప్పుడు నేను దిగడం మర్చిపోయాను."

"కంప్లయింట్ ఇచ్చింది ఎవరు? ఆయనా?"

"ఆయన ఇసుక మోస్తున్నారు గానీ ఇవ్వలేదు. నేనే ఇస్తున్నాను." పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

పెద్ద మేస్త్రి కారు దగ్గరికి వచ్చి మూటల్ని చూశారు, నన్ను చూశారు, కూతుర్ని చూశారు. తర్వాత కారు మీద చెయ్యి వేసి కడుపుబ్బ నవ్వారు. తనూ ఒకసారి ఇలాగే పొరపాటు చేసి, ఎవరికీ చెప్పకుండా రహస్యంగా నట్టు తిప్పేశానని ఒప్పుకున్నారు. తప్పు తామే చెప్పుకున్నవాళ్ళ చేతిలోనే పెన్ను ఉండాలంటూ, దాన్ని మళ్ళీ ఆమె జేబులో పెట్టారు. బోర్డు రాసే అతనికి అక్కడే ఫోన్ చేశారు.

ఇంక ఆగితే నేను మనిషిని కాను.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాను చిన్న మేస్త్రితో, వాళ్ళ నాన్న ముందే. "వాన పడ్డ రోజు నుంచీ. వెయ్యి కిలోమీటర్లు తిరిగాను, ఇసుకతో మాట్లాడి మాట్లాడి విసుగొచ్చింది."

ఆమె నాన్న వైపు చూసింది. ఆయన లోపల గోడకి వేలాడే నట్టు స్పానర్ తెచ్చి కూతురి చేతికిచ్చారు.

"రెండు దారులున్నాయమ్మా. నట్టు తిప్పి ఒక్కడికి సరిచెయ్యి. లేదా అలాగే వదిలెయ్యి. ఎంపిక నీది."

చిన్న మేస్త్రి స్పానర్‌ని మళ్ళీ గోడకి తగిలించింది. కారు దగ్గరికి వెళ్ళి బెల్టు విప్పి, రెండు మూటల్నీ ఒక్కొక్కటిగా దింపి గోడవారన పెట్టింది. సీటు మీది ఇసుక దులిపి, ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకుంది.

కారు సమంగా నిలబడింది.

"చూస్తూ నిలబడ్డారేం, ఎక్కండి," అంది. "మేస్త్రి ఒకసారి ఎంపిక చేశాక మార్చదు."