చౌడు బయలులో మూడో పిలుపు

పెద్దారవీడు దాటి కొండల వైపు పోతే చౌడు బయలు వస్తుంది. పళ్లెంలా చదునైన నేల, గడ్డిపోచ మొలవదు. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న దొరల కాలంలో ఆ పేరెత్తితేనే జనం గొంతు తగ్గించేవాళ్లట. పొద్దుగూకాక అక్కడ ఎవరో పిలుస్తారని... పలికితే ప్రాణం పోతుందని. అంకన్న అనేవాడు పలికి, మూడు రోజులకే నెత్తురు కక్కుకున్నాడని చెప్పేవాళ్లు.

దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలిస్తే మనిషి. అందుకని రాత్రిపూట మూడో పిలుపుకు గాని ఎవరూ పలికేవాళ్లు కాదు.

ఆ బయలు అంచునే ఒక రైతు చేలో, ఎరువు కోసం, పాపయ్య గొర్రెల మంద కట్టాడు. పాపయ్య చిరుతకు జంకడు గాని, కంటికి కనబడనిదంటే వణుకుతాడు. భార్య మాలకొండమ్మకు అంతకంటే భయం. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిన మూడు నెలల పిల్ల ఆమె ఒళ్లో ఉంది మరి.

చీకటి పడగానే చిరుతలు రాకుండా, మంద చుట్టూ ముళ్లకంప అడ్డం పెట్టి, రెండు పక్కలా వరసగా నెగళ్లు వేశారు.

కాసేపటికి గొర్రెలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. పైనుంచి ఏదో గుర్రుమంటోంది...

"ఏందయ్యా అది?"

"నోరెత్తమాక."

చుక్కల్లోంచి ఒక దీపం దిగుతోంది. ఇటు ఒరుగుతోంది — అటు ఒరుగుతోంది. నల్లటి ఆకారమొకటి నెగళ్ల మీదుగా, నెత్తి తగిలేంత కిందుగా దూసుకుపోయింది. బయల్లో నేలను తాకి ఎగిరింది, మళ్లీ తాకింది. ఒక పక్క నేలకు గీసుకుని నిప్పురవ్వలు లేచాయి. గిర్రున తిరిగి, పెళపెళా విరిగి — ఆగిపోయింది.

విమానమనే మాట మాలకొండమ్మ విననే లేదు. కొరివిదెయ్యమే దిగిందనుకుని పిల్లను కొంగులో చుట్టేసింది.

"అమ్మా..."

చీకట్లోంచి మగగొంతు. పాపయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పలకమాకే. మూడోసారి పిలిస్తే లేద్దాం."

"అమ్మా..."

ఈసారి కంప పక్కనే. అది ఏడుపు గొంతు. మాలకొండమ్మ పెదవి కదిలింది... అంతలో ఒళ్లో పిల్ల మెదిలింది. ఆమె నోరు మూసుకుంది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. మూడో పిలుపు రాలేదు.

"చూసినావా? దెయ్యమే," అన్నాడు పాపయ్య. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

తెల్లారింది. కంప అవతల కోటు తొడుక్కున్న ఒక తెలుగు మనిషి బోర్లా పడి ఉన్నాడు. తొడ కింద నెత్తురు మడుగు. చెయ్యి కంపను పట్టుకునే ఉంది. బయల్లో రెక్క విరిగిన చిన్న విమానం, అందులో కాలు ఇరుక్కుని బతికున్న, దాన్ని నడిపిన దొర. పెట్రోలు అయిపోవస్తుంటే, నెగళ్ల వరసలు చూసి దిగే చోటనుకున్నాడట. నేల తాకాక విమానం చేతిలో నిలవలేదట. ఉన్న ఒక్క ప్రయాణికుడూ సాయం తెస్తానని పాక్కుంటూ పోయాడట.

"ఏ కొంగో చించి తొడకు బిగించి ఉంటే బతికేవాడు," అన్నాడు మార్కాపురం నుంచి వచ్చిన డాక్టరు.

మాలకొండమ్మ తన కొంగు వైపు చూసుకుంది.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ, చీకట్లో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేచేది. కొన్ని రాత్రులు ఎవరూ పిలవకుండానే లాంతరు పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. "వస్తన్నా నాయనా," అనేది. పెరిగి పెద్దదైన కూతురికి ఏ పిలుపూ వినబడేది కాదు.

ఒక్క రాత్రి తప్ప. మాలకొండమ్మ మంచంలో ఆఖరి ఊపిరితో ఉంది. వాకిట్లోంచి మగగొంతు — కూతురు తన చెవులతో విన్నది —

"అమ్మా..."

ఒక్కసారే.

"వస్తన్నా నాయనా," అంది మాలకొండమ్మ. వెళ్లిపోయింది.