ఆదెమ్మకు దక్కని డప్పు

కోడికూతకు ముందే ఇమ్మానియేలు డప్పు దించి మంట వేశాడట. పెద్దింటి ముసలమ్మ ప్రాణం ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్నాడట. పిచ్చయ్య పెళ్ళాం బసవమ్మ మిరప కల్లంలో పదిమందిలో అన్న ఈ మాట, ఇమ్మానియేలు కోడలు రెబ్కా చెవిన పడేసరికి పొద్దు బారెడెక్కింది. ఆ పెద్దింటి రాఘవులు గారి తల్లి తెల్లవారుజామునే పోయింది మరి.

రెబ్కా చంకలో బిందె దించకుండానే వాకిట్లో నిలబడి అరిచింది.

“మామా, నీకేమన్నా బుద్ధుందా? నీ కొడుకు బడిపంతులు. ఇంకా పీనుగుల వెంట డప్పేసుకుని తిరుగుతావా? కల్లంలో నా మొహాన ఉమ్మొకటే తక్కువ!”

ఇమ్మానియేలు మంచుకు మెత్తబడిన డప్పు తోలును చొప్పమంట మీద తిప్పుతూ, బిగిసిందో లేదో వేలితో కొట్టి చూస్తున్నాడు.

అంతలో కొడుకు జయరావు సైకిలు గోడకు పడేసి పరుగున వచ్చాడు. డప్పు చూడగానే అతని మొహం వెలిగింది.

“అప్పుడే కాచావా నాయనా? బతికించావు! రాఘవులు గారు నిన్నే రమ్మన్నారు. నువ్వొస్తేగాని శవం లేవదంట.”

రెబ్కా నోరు తెరిచింది. “మీరేనా ఈ మాటనేది?”

“నోర్ముయ్యి. పంచాయితీ సమితిలో ఆయన మాటకి ఎదురులేదు. రేపు నన్ను దారీ తెన్నూ లేని పల్లె బడికి తోయిస్తే, నువ్వొస్తావా నాతో?”

“నేను కాచింది వాళ్ళకి కాదురా,” అన్నాడు ఇమ్మానియేలు. “మీ అమ్మ సమాధి కాడికి పోతన్నా. పాస్టరు గారు ప్రార్థన కూటాలకి ఒంగోలు పోయాడు. ఇయ్యాళ అడ్డమొచ్చేవాడు లేడు.”

జయరావు మొహం ఎర్రబడింది. “సమాధి దగ్గర డప్పేంటి? పాపమని ఆ రోజే చెప్పలా?”

“చెప్పావు. పెట్టెకి మేకులు కొట్టిన చప్పుడే ఆదెమ్మకి చాలన్నావు. మీ అమ్మకి పాపమైంది, వాళ్ళమ్మకి పుణ్యమెట్టా అయిందిరా పంతులూ?”

“అది వేరు, ఇది వేరు! వాళ్ళ ఆచారం వాళ్ళది!”

“మరి నా ఆచారం ఏ గుంటలో పూడ్చావురా?” ముసలాయన కేకకు పక్కింటి కోళ్ళు చెదిరిపోయాయి. “మా పెళ్ళినాడు కూడా నేనే వాయించా. అది సిగ్గుపడకుండా నా ముందు నడిచొచ్చింది. పోయేటప్పుడు మూగదాన్ని పంపినట్టు పంపావు.”

రెబ్కా బిందె కింద పెట్టింది. “పోనీయండి ఆయన్ని,” అంది మొగుడితో, మెల్లగా.

జయరావు వినలేదు. డప్పు తాడు పట్టుకు లాగాడు. ముసలాయన వదల్లేదు. చివరికి పంతులు వాకిట్లోనే వంగిపోయాడు.

“ఒక్కసారి నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

ఇమ్మానియేలు కళ్ళు తడిశాయి. గొంతు మాత్రం తడవలేదు.

“కాళ్ళు వదులు. మీ అమ్మ పెట్టె లేచినప్పుడు డప్పు కొట్టనీకుండా నువ్వు పట్టుకుంది నా చేతుల్ని. అవి ఇంకోళ్ళమ్మకి లేవవు, పో.”