యార్డు నిండిపోయిన ఆదివారం

ఆదివారమైనా ఆవిడకు ఆరింటికే మెలకువ వచ్చింది. ఇరవై ఆరేళ్ళు గూడ్స్ షెడ్డులో బుకింగ్ గుమాస్తాగా పనిచేసింది. ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయినా, ఆవిడ నిద్ర మాత్రం ఇంకా రాజీనామా చేయలేదు. వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి టైలరు దాకా అందరూ ఆవిడను బుకింగమ్మ అనే పిలుస్తారు. ముఖం కడుక్కుని, రోజూ లాగే మేడ మెట్లెక్కింది.

మేడ మీది గదిలో మూడు గోడల వెంట నడుము ఎత్తున బల్ల ఉంది. దాని మీద బొమ్మ రైలు పట్టాలు, నాలుగు లైన్ల యార్డు, పిండిమర, కలప అడితి, సిమెంటు గోదాము, నూనె ట్యాంకులు ఉన్నాయి. బెత్తెడు పొడవు వ్యాగన్లు నలభై రెండు. అంతా ఆవిడ భర్త చేతిపనే. హైస్కూల్లో వడ్రంగం నేర్పి రిటైరైన మాస్టారు ఆయన. గోదాము గోడలో ఇటుక ఇటుకకూ విడిగా రంగు వేసిన ఓపిక ఆయనది.

ఆ బళ్ళు ఎక్కడికి వెళ్ళాలో, ఎందుకు వెళ్ళాలో రాసింది మాత్రం ఆవిడ. ఒక్కో వ్యాగనుకు ఒక్కో అట్టముక్క. ఏ సరుకు, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి అన్నది దాని మీద ఉంటుంది. వ్యాగను ఎక్కడ ఆగితే దాని కార్డు అక్కడ బల్ల అంచుకు కొట్టిన చిన్న చెక్కపెట్టెలో పడుతుంది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట ఆవిడ యార్డు ముందు స్టూలు మీద కూర్చుని, ఈ పూట కదలాల్సిన వ్యాగన్ల కార్డులు ఏరి మాస్టారి చేతికిస్తుంది. ఆయన ఇంజను నడిపి వాటిని తెస్తారు, వదులుతారు. ఎంత చిక్కు వచ్చినా వ్యాగనును చేత్తో ఎత్తకూడదు. అది ఆవిడ పెట్టిన నియమం. నిజం యార్డులో ఆకాశంలోంచి చెయ్యి దిగదు కదా అనేది.

ఆ ఉదయం మొదటి పెట్టెలో చెయ్యి పెడితే వేళ్ళకు ప్లాస్టిక్ తగిలింది. తీసి చూసింది. అచ్చు వేయించిన కార్డు. పైన నీలిరంగు గీత, కింద మాస్టారి పేరు. పిండిమర పెట్టెలోనూ అవే, అడితి పెట్టెలోనూ అవే. ఆవిడ చేతిరాత కార్డులు రబ్బరు బ్యాండు వేసి బల్ల కింద పాత చెప్పుల డబ్బాలో ఉన్నాయి.

"చూశావా, ఎంత నీటుగా ఉన్నాయో." మాస్టారు ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. "రాత్రి పెట్టాను. నీకు చెప్పకుండా చేద్దామనుకున్నా."

"చెప్పకుండానే చేశారు."

"బొమ్మ రైళ్ళ క్లబ్బు వాళ్ళు వస్తున్నారోయ్. సరుకు రవాణా నిజం రైల్వేలో లాగే నడిపే ఇల్లు మనదొక్కటేనని విని వస్తున్నారు. వాళ్ళ ముందు ఆ నలిగిపోయిన అట్టముక్కలేం పెడతాం? పెన్సిల్ మరకలూ అవీను."

యార్డు ముందున్న స్టూలు కూడా లేదు. దాని చోట కింది గదిలోని చేతుల కుర్చీ వేసి ఉంది.

"ఇక్కడ నేనే కదా కూర్చునేది?"

మాస్టారు చివరి గుండీ దగ్గర ఆగిపోయారు. "అది... క్లబ్బు అధ్యక్షుడికి. ఆయన పళ్ళ డాక్టరు, పెద్దమనిషి. నువ్వు టీ సంగతి చూస్తే చాలు. ఒక్కపూటే కదా."

ఒక్కపూటే. నాలుగేళ్ళ కిందట ఆయన గుండె ఆపరేషనప్పుడు కూడా ఆవిడ ఆఫీసులో ఒక్కపూటే సెలవు అడిగింది. అది వారమైంది, వారం మూడు నెలలైంది. హెడ్ గుమాస్తా పదవి చేతిదాకా వచ్చింది, కానీ వేరే ఊరి షెడ్డులో. మంచం మీది మనిషిని వదిలి వెళ్ళలేక ఆవిడ కాగితం రాసిచ్చి వచ్చేసింది.

ఆయన కోలుకున్నారు కానీ లేవలేదు. పగలంతా ఈ గదిలో పడుకుని, ఒకే బండి గుండ్రంగా తిరుగుతుంటే చూసేవారు.

"ఎక్కడికి వెళ్తోందండీ ఈ బండి?" అని ఒకరోజు అడిగింది.

"ఎక్కడికీ లేదు. తిరుగుతోంది."

"ఎక్కడికీ వెళ్ళని బండికి ఇంజను దండగ."

ఆ రోజే అట్టలు కత్తిరించింది. మర్నాడు పొద్దున మంచం దగ్గర నిలబడి, "లేవండి. గోదాములో మూడు వ్యాగన్లు ఆగిపోయాయి. డ్రైవరు లేడట" అంది. మూడు నెలల తర్వాత ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే. లేచింది కూడా అప్పుడే.

ఆ అట్టలన్నీ ఇప్పుడు చెప్పుల డబ్బాలో ఉన్నాయి.

* * *

తొమ్మిదిన్నరకు కూతురు వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో పని, అక్కడికి దగ్గరలోనే కాపురం. వంటింట్లో తల్లి కప్పులు తుడిచే తీరు చూసి సంగతి పసిగట్టింది.

"ఆ కప్పు అరిగిపోతుందమ్మా. ఏమైంది?"

ఆవిడ రెండు ముక్కల్లో చెప్పింది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా. నేను అడుగుతానుండు నాన్నని."

"వద్దు. వచ్చేవాళ్ళ ముందు గొడవెందుకు."

పదింటికి ముగ్గురు వచ్చారు. పళ్ళ డాక్టరు, ఒక బట్టల కొట్టు యజమాని, జీవితమంతా గూడ్సు బళ్ళు నడిపి రిటైరైన ఒక పెద్ద డ్రైవరు. గది చూడగానే బట్టల కొట్టాయన నోరు తెరిచాడు. మాస్టారు కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతూ కార్డులు చూపించారు.

"ఈ పద్ధతంతా మీరే కనిపెట్టారా?" డాక్టరు అడిగాడు.

టీ పళ్ళెంతో గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. మాస్టారు ఒక్క క్షణం అటు చూశారు. చూపు తిప్పుకుని, "ఆఁ, ఏదో... మెల్లగా కుదిరింది" అన్నారు. "మా ఆవిడ. టీ బ్రహ్మాండంగా పెడుతుంది."

పళ్ళెం చేతిలో బరువెక్కింది. కప్పులు అందించి మళ్ళీ గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

డాక్టరు చేతుల కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద డ్రైవరు ఇంజను నడిపే మీట అందుకున్నాడు. కార్డుల ప్రకారం మొదటి పూట మొదలైంది. పిండిమర పెట్టెలో ఉన్న కార్డులన్నీ తీశారు, అడితిలోవన్నీ తీశారు, గోదాములోవన్నీ తీశారు. అచ్చు కార్డులో ఏది కదలాలో, ఏది ఆగాలో చెప్పే గుర్తు లేదు. అన్ని వ్యాగన్లూ ఒకేసారి బయల్దేరాయి.

ఆవిడకు ఇరవై నిమిషాలకే తెలిసిపోయింది. యార్డులో లైనుకు అయిదు చొప్పున ఇరవై వ్యాగన్లు పడతాయి. ఇంజను అటూ ఇటూ తిరగాలంటే అందులో ఒక లైను ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. పద్నాలుగు వచ్చేశాయి. ఇంకా ఎనిమిది దారిలో ఉన్నాయి. నోరు తెరిస్తే ఒక్క మాట. ఆవిడ తెరవలేదు. చీరకొంగు భుజం మీదికి లాక్కుని, చూస్తూ నిలబడింది.

పదకొండున్నరకు యార్డు నాలుగు లైన్లూ నిండిపోయాయి. ఇంజను మధ్యలో ఇరుక్కుంది. ముందుకు వెళ్ళడానికి లేదు, వెనక్కి లేదు.

"మాస్టారూ, ఇదేదో చిక్కుపడింది," డాక్టరు నవ్వబోయి ఆపుకున్నాడు.

"రెండు వ్యాగన్లు చేత్తో తీసి పక్కన పెడితే సరి," బట్టల కొట్టాయన చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి," మాస్టారు గట్టిగానే అన్నారు. నిన్న సాయంత్రం దాకా ఏ ఆటంకమూ లేకుండా నడిచింది. ఆయన గుమ్మం వైపు తిరిగారు. "పొద్దున నువ్వేమైనా కదిపావా?"

"లేదు."

"మరెలా జరిగింది? ఆరింటికి ఇక్కడ ఉన్నది నువ్వొక్కదానివే. కార్డులు మార్చానని అప్పటికే ముఖం మాడ్చుకున్నావు. ఎత్తి అటూ ఇటూ పెట్టావా?"

ఆ గదిలో అంతకంటే పెద్ద నింద లేదు. కింద నుంచి కూతురు పైకి వచ్చి తల్లి వెనకాల నిలబడింది. పెద్ద డ్రైవరు చేతిలోని మీట కింద పెట్టేశాడు.

ఆవిడ గొంతు పెంచలేదు. "నాలుగేళ్ళుగా పూటపూటా మీ చేతికి కార్డులిచ్చాను. ఇరవైలో ఈ ఆరే ఎందుకిచ్చావు, మిగతావి ఎందుకు ఉంచావు అని ఏ రోజైనా అడిగారా?"

మాస్టారు చేతికందిన అచ్చు కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు.

"సిమెంటు దించడానికి రెండు పూటలు పడుతుంది. దుంగలకి మూడు. పిండి బస్తాలకి ఒకటి. కార్డు మూల ఒక్కో చుక్క ఒక్కో పూట. పూట గడిస్తే ఒకటి చెరిపేస్తాను. చుక్కలు అయిపోయిన వ్యాగనే మీకిస్తాను. అచ్చుకి ఇచ్చేటప్పుడు అవి మీకు మరకల్లా కనిపించాయి."

పెద్ద డ్రైవరు కళ్ళజోడు తీశాడు. "చెల్లెమ్మా, ఏ షెడ్డులో చేశావు?"

"పెద్ద యార్డు పక్కన గూడ్స్ షెడ్డులో. ఇరవై ఆరేళ్ళు."

"అదీ సంగతి. సరుకు దించకుండానే వ్యాగను లాక్కొచ్చే వెర్రి డ్రైవరును నా సర్వీసులో చూడలేదు. ఇవాళ ఆ వెర్రివాణ్ణి నేనే అయ్యాను."

డాక్టరు లేచి కుర్చీ వెనక్కి జరిపాడు. "అమ్మగారూ, మీరు వచ్చి కూర్చోండి. దీన్ని ఎలా విప్పాలో మాకు చూపించండి."

పొద్దుటి నుంచి ఆవిడకు కావలసింది ఆ ఒక్క మాటే. ఇప్పుడు వినపడితే మాత్రం ఎవరో తిని మిగిల్చిన పళ్ళెం ముందుకు తోసినట్టుంది.

"వద్దండీ. అంతా నిండిపోయాక ఇస్తే దాన్ని చార్జి అప్పగించడం అనరు," అని ఖాళీ కప్పులు ఏరుకుని కిందికి దిగిపోయింది.

* * *

వాళ్ళు మర్యాదగా మరో పావుగంట కూర్చుని వెళ్ళిపోయారు. మాస్టారు మేడ దిగలేదు.

వంటింట్లో కూతురు తల్లి పక్కన నిలబడింది. "నీకు ముందే తెలుసు కదమ్మా?"

"ఇరవై నిమిషాలకే తెలిసింది."

"చెప్పొచ్చుగా."

"అడగొచ్చుగా."

"ఇద్దరూ ఇద్దరే," కూతురు నిట్టూర్చింది. "నాన్న తప్పే. కాదనను. కానీ నువ్వు ఆ గుమ్మంలో నిలబడ్డ తీరు చూశాను. నాన్న మునిగిపోతుంటే లోతు కొలుస్తున్నట్టున్నావు."

ఆ మాట ఆవిడకు సూటిగా తగిలింది. కూతుర్ని ఇంటికి వెళ్ళమంది. ఆ పిల్ల కాసేపు అక్కడే తచ్చాడి, చెప్పులు వేసుకుని వెళ్ళింది.

మధ్యాహ్నం రెండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. హాల్లో ఫోను తీసిన చప్పుడు, తర్వాత మాస్టారి గొంతు.

"డాక్టరుగారూ, నేనే. ఒక మాట చెప్పాలి. ఆ పద్ధతి నాది కాదు. మొదటి కార్డు నుంచి చివరిదాకా మా ఆవిడే రాసింది. మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను... లేదండీ, మర్యాద కోసం కాదు. నిజం."

ఫోను పెట్టేసి ఆయన వెనక్కి తిరిగేసరికి, ఆవిడ వంటింటి గుమ్మంలో ఉంది.

"పళ్ళ డాక్టరుకి చెప్పారు. నాకెందుకు చెప్పలేకపోయారు?"

మాస్టారు కుర్చీ దాకా వెళ్ళారు గానీ కూర్చోలేదు. "నీకు చెప్పాలంటే ఇదొక్కటే చెబితే సరిపోదు."

"ఇంకేముంది?"

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నారు. "ఆ రోజు నువ్వు రాజీనామా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటున్నప్పుడు నేను నిద్రపోవడం లేదు. కళ్ళు మూసుకున్నానంతే. వద్దు అంటే ఆగిపోయేదానివి. అనలేదు. నువ్వు ఆ ఊరు వెళ్ళిపోతే నన్నెవరు చూస్తారని భయం. తర్వాత పైన స్టూలు మీద నిన్ను చూసినప్పుడల్లా నీ ఆఫీసే కనిపించేది. ఇవాళ వాళ్ళ ముందు నిన్నక్కడ కూర్చోబెడితే ఎవరో ఒకరు అడుగుతారు కదా, ఇంత పని తెలిసిన మనిషి ఉద్యోగం ఎందుకు మానేసిందని. ఏం చెప్పను?"

ఆవిడ గుమ్మానికి ఆనుకుంది. రాజీనామా ఇచ్చిన ఆ ఉదయం ఆవిడకు బాగా గుర్తుంది. ఆయనకు మెలకువ వస్తుందేమోనని చప్పుడు కాకుండా బీరువా మూసింది. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి గుమ్మం దాటింది.

"మీరు నిద్రపోతున్నారనుకున్నాను కాబట్టే నాలుగేళ్ళుగా మిమ్మల్ని తప్పు పట్టలేదు," అంది.

మాస్టారు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఇవాళ నేను చేసిందీ అదే. మీరు చిక్కుకుపోతుంటే తెలిసి తెలిసి నోరు మూసుకున్నాను. కాసేపు హాయిగా కూడా ఉంది. ఆ హాయి తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఒక్కపూట చేసిందానికే నాకింత ఉంటే, నాలుగేళ్ళు ఎలా మోశారండీ మీరు?"

"మోయలేకే నీ చేతిరాత డబ్బాలో పడేశాను."

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. హెడ్ గుమాస్తా పదవి పోయినప్పుడు కూడా రాని ఏడుపు అది. మాస్టారు గోడ పట్టుకుని, మెల్లగా, ఆవిడకు మూరెడు దూరంలో కూర్చున్నారు.

"పైకి వస్తావా?"

"ఇప్పుడు రాను. రేపు కూడా వస్తానని చెప్పలేను."

"సరే."

"తగ్గిపోతుందని అనుకోకండి. ఇది అంత తొందరగా తగ్గేది కాదు."

"అనుకోను," అన్నారాయన. దగ్గరకు జరగలేదు, ఓదార్చలేదు. ఆవిడ ఏడుస్తూనే ఉంది. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు.